గంగాప్రవాహంలో పురుషకారం

భారతీయ దర్శనవాఙ్మయంలో నావ సామాన్యమైన ఉపమానం కాదు. విషయాల వెంట సంచరించే ఇంద్రియాలకు లోబడిన మనస్సు, నీటిమీది నావను గాలి ఈడ్చుకొనిపోయినట్లు ప్రజ్ఞను హరిస్తుందని భగవద్గీత ద్వితీయాధ్యాయం హెచ్చరించింది. చతుర్థాధ్యాయంలో అదే నావ జ్ఞానస్వరూపమై పాపసముద్రాన్ని దాటిస్తుంది. ముండకోపనిషత్తు కేవలకర్మలను దృఢత్వం లేని తెప్పలతో పోల్చింది. శ్వేతాశ్వతరోపనిషత్తు భయావహమైన ప్రవాహాలను బ్రహ్మమనే తెప్పతో తరించమన్నది. ఒకచోట కొట్టుకొనిపోయేది, ఒకచోట దాటించేది, ఒకచోట నమ్మరానిది, ఒకచోట శరణ్యమైనది. నావ ఒక్కటే, గతులు నాలుగు. ఈ భేదం నీటివల్ల కలిగిందా, నావవల్ల కలిగిందా, నావికునివల్ల కలిగిందా అన్నది సాధకుడు విచారించవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను గ్రంథంలోనే కాక నదిలోనూ విచారించవచ్చు. వేసవిలో యువతరం విశేషంగా ఇష్టపడుతున్న కయాక్ విహారం అందుకు చక్కని అవకాశం. కయాక్ అంటే ఒక్కరు కూర్చొనే సన్నని నావ. నావికుడు కాళ్లు ముందుకు చాచి కూర్చుంటాడు. నీరు లోపలికి రాకుండా నడుము చుట్టూ ఒక ఆచ్ఛాదనం బిగిస్తారు. చేతిలో రెండు కొసలా రేకులున్న తెడ్డు ఉంటుంది. పదిమంది కలిసి ఎక్కే రాఫ్టులో ఒకరు ఏమరినా మరొకరు ఆదుకొంటారు. కయాక్‌లో ఆ సౌలభ్యం లేదు. అక్కడ కర్త ఒక్కడే, ఫలం అనుభవించేవాడూ ఆ ఒక్కడే.

ఇట్టి విహారానికి మన దేశంలో ప్రసిద్ధమైన క్షేత్రం హృషీకేశానికి ఎగువనున్న గంగాతీరం. దేవప్రయాగలో అలకనందా భాగీరథులు సంగమించిన పిమ్మటనే ఆ ప్రవాహానికి గంగ అనే నామం. అక్కడినుండి కొండల నడుమ మలుపులు తిరుగుతూ దిగివచ్చే నదీమార్గంలో కౌడియాలా, బ్యాసీ, శివపురి, బ్రహ్మపురి వరుసగా వస్తాయి. బ్రహ్మపురినుండి హృషీకేశం సుమారు 9 కిలోమీటర్లు, శివపురినుండి సుమారు 16, కౌడియాలానుండి సుమారు 36. ఎగువకు వెళ్లినకొద్దీ జలపరీక్ష కఠినతరమవుతుంది. జూలై, ఆగస్టు మాసాలలో వర్షజలం ఉద్ధృతమైనందున విహారాలు నిలిపివేస్తారు. వైశాఖ జ్యేష్ఠాలలో పైన మండుటెండ ఉన్నా, హిమం కరిగి వచ్చిన నీరు మాత్రం ఎముకలు కొరికేంత చల్లగా ఉంటుంది.

ఈ మార్గంలోనే, గంగ ఒడ్డున, వసిష్ఠగుహ ఉంది. వసిష్ఠ మహర్షి తపస్సు చేసిన స్థలంగా దానికి ప్రసిద్ధి. శ్రీరామకృష్ణ సంప్రదాయానికి చెందిన స్వామి పురుషోత్తమానంద 1928లో అక్కడికి చేరి, 1961లో మహాసమాధి పొందేవరకు ఆ గుహనే ఆశ్రయించి ఉన్నారు. ఆ మహర్షి పేరిట వెలసిన యోగవాసిష్ఠంలో ముముక్షువ్యవహార ప్రకరణం పురుషకారాన్ని ప్రశంసిస్తుంది. దైవమని మనం చెప్పుకొనేది పూర్వం మనం చేసిన ప్రయత్నమే తప్ప వేరొకటి కాదని, నేటి ప్రయత్నం దానిని జయించగలదని ఆ ప్రకరణ తాత్పర్యం. ఆ గుహ ముందు ప్రవహించే నీటిలోనే నేటి యువకులు తెడ్లు పట్టి ప్రయత్నపాఠం నేర్చుకొంటున్నారు. ఇది వింతైన సంయోగమే.

నర్మదాతీరంలోని మహేశ్వరం మరొక క్షేత్రం. అక్కడ రాళ్ల నడుమ నర్మద అనేక పాయలుగా చీలే సహస్రధార వద్ద 2023లో ఖేలో ఇండియా యువక్రీడల పడవపోటీలు జరిగాయి. కార్తవీర్యార్జునుడు వేయి బాహువులతో నర్మదను అడ్డగించిన కథను ఆ స్థలంతో జోడించి చెప్పుకొంటారు. నిలువరించిన నీరు వెనుకకు పొంగి రావణుని పూజాపుష్పాలను కొట్టుకొనిపోయిందని ఉత్తరకాండ గాథ. వేయి చేతులతో నదిని ఆపినవాని దర్పం చివరకు పరశురాముని గొడ్డలికి బలి అయింది. రెండు చేతులతో నదిని అనుసరించే నావికుడు క్షేమంగా ఒడ్డు చేరుతున్నాడు. బలానికీ పురుషకారానికీ గల అంతరం ఇంతకంటె స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

రాజమహేంద్రవరానికి చెందిన ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు ఒక వైశాఖంలో మనుమరాలితో కలిసి హృషీకేశం వెళ్లారు. ఆయన సంకల్పం గంగాస్నానం, దేవప్రయాగలో రఘునాథస్వామి దర్శనం. ఆమె సంకల్పం నాలుగు రోజుల కయాక్ శిక్షణ. శివపురి ఇసుకతిన్నెమీద వరుసగా పేర్చిన రంగురంగుల నావలను చూడగానే ఆయన ముఖం వివర్ణమైంది.

"అమ్మా, గంగ మనకు తల్లి. తల్లి ఒడిలో స్నానం చేయాలి, ధ్యానం చేయాలి గాని, పాదాలు చాచుకొని ఆటలాడవచ్చునా?"

"తాతగారూ, స్నానానికి దిగినా ముందుగా గంగను తాకేది పాదాలే కదా! అందుకేగా ముందు శిరస్సున నీళ్లు చల్లుకోమని మీరు నేర్పారు. నావ ఎక్కే ముందు కూడా అలాగే చల్లుకొంటాను. బిడ్డ తల్లి ఒడిలో ఆడుకోక ఇంకెక్కడ ఆడుకొంటుంది?"

ఆయన సమాధానం చెప్పలేదు. ఆమె వాదంలో దోషం కనిపించలేదు. అయినా హృదయం సమ్మతించలేదు. ఆ రాత్రి నిద్రపట్టక, గంగాఘోష వింటూ తన ఆక్షేపణ మూలమేమిటో ఆయన అన్వేషించారు. అరువది సంవత్సరాల క్రితం ఆయన తమ్ముడు పదునేడేళ్ల వయస్సులో గోదావరిలో ఈదబోయి తిరిగి రాలేదు. ఆనాటినుండి ఆయన నదికి చెంబుతో వెళ్లడమే గాని మోకాలు దాటి నీటిలోకి దిగలేదు. ఆచారమనీ భక్తి అనీ తాను భావించుకొన్న ఆ నియమంలో భక్తి ఎంత, భయం ఎంత? ఈ రెండింటిని వేరుచేసి చూడడం శాస్త్రచర్చలకంటె దుష్కరమని ఆయనకు ఆ రాత్రి తోచింది.

తెల్లవారిన తరువాత ఆయన మనుమరాలిని వారించలేదు. లైఫ్ జాకెట్ పట్టీలు సరిగా బిగించారో లేదో స్వయంగా లాగి చూశారు. అది విశ్వాసలోపం కాదని ఆయనకు తెలుసు. వేదాంతకేసరిగా లోకమంతా కీర్తించిన స్వామి రామతీర్థ 1906లో టెహరీ వద్ద నదీస్నానానికి దిగి, ప్రవాహవేగంలో దేహం విడిచారు. ఆత్మజ్ఞానం దేహధర్మాన్ని రద్దు చేయదు. బ్రహ్మవేత్త దేహాన్నైనా నీరు నీటి నియమానుసారమే తీసుకొనిపోతుంది. కావున జాగ్రత్త వహించడం ఈశ్వరనియతిని గౌరవించడమే.

ఒడ్డున కూర్చొని జపం చేసుకొంటూనే ఆయన శిక్షకుని మాటలు శ్రద్ధగా విన్నారు. వాటిలో మూడు ఆయనకు సూత్రప్రాయంగా తోచాయి.

మొదటిది: తరంగాల నడుమ తెడ్డు ఆపరాదు. భయం కలిగిన క్షణంలోనే చేతులు స్తంభిస్తాయి, స్తంభించిన నావనే అల తిరగవేస్తుంది. నీటిలో ఉన్న తెడ్డే ఆధారం. యుద్ధారంభంలో గాండీవం జారవిడిచిన అర్జునునికి భగవానుడు కర్మత్యాగం కాక కర్మయోగం ఉపదేశించడంలోని ఔచిత్యం ఇదే.

రెండవది: ప్రవాహం నావను అడ్డంగా బండవైపు నెట్టినప్పుడు బండవైపే ఒరగాలి. సహజప్రవృత్తి దానికి విరుద్ధం. దేహం బండనుండి దూరంగా వాలుతుంది. అప్పుడు ఎగువ అంచు క్రుంగి, నీరు దానిమీదికెక్కి నావను బోర్లిస్తుంది. దుఃఖమూ అట్టిదే. విముఖుడైనవానిని ముంచుతుంది, అభిముఖుడైనవానికి నిలదొక్కుకొనే చోటు ఇస్తుంది.

మూడవది: బోర్లపడిన నావను నీటిలోనుండే తిరిగి నిలబెట్టే విద్య ఒకటి ఉంది. నడుము తిప్పి ముందు నావను నిలబెట్టాలి. శిరస్సు అన్నిటికంటె చివర పైకి రావాలి. ఊపిరికోసం ముందుగా తల ఎత్తినవాడు మళ్లీ మునుగుతాడు. మనుమరాలు రెండు రోజులు ఈ ఒక్క విద్యలోనే పదేపదే విఫలమైంది. ప్రతిసారీ నావనుండి బయటపడి, దగ్గుతూ, వణుకుతూ ఒడ్డుకు వచ్చింది. మూడవనాటి మధ్యాహ్నం నావ బోర్లపడింది, ఆమె కనిపించలేదు. ఆయన చేతిలోని జపమాల ఆగిపోయింది. రెండు మూడు క్షణాలే అయినా అందులో అరువది సంవత్సరాలు ఇమిడి ఉన్నాయి. తరువాత నావ మెల్లగా తిరిగింది. భుజం, మెడ, చిట్టచివర శిరస్సు నీటిపైకి వచ్చాయి.

"తాతగారూ, తల సంగతి మరిచిపోయాను, అప్పుడే వచ్చేసింది!" అని ఆమె నీటిలోనుండే కేక వేసింది.

అహంకారం ముందుగా పైకి రాదలచినంతకాలం జీవుడు మునుగుతూనే ఉంటాడన్న వేదాంతార్థాన్ని ఆయన ముప్పది సంవత్సరాలు తరగతిలో బోధించారు. అది అంత సరళంగా చెప్పగా వినడం అదే ప్రథమం. మరునాటి ఉదయం ఆయన ఒడ్డున ఉన్న ఇనుపగొలుసు పట్టుకొని, తమ్ముని పేరు సంకల్పంలో చెప్పుకొని, కంఠంవరకు గంగలోకి దిగారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. గాలికి కొట్టుకొనిపోయిన నావకూ తరింపజేసిన నావకూ కట్టెలో భేదం లేదు. నావికుని అవధానంలోనే భేదం. ప్రవాహం ప్రారబ్ధం వంటిది. దానిని ఆపే అధికారం ఎవరికీ లేదు. తెడ్డు పురుషకారం వంటిది. దానిని విడిచే అధికారమూ సాధకునికి లేదు. ప్రవాహానికి ఎదురొడ్డేవాడు అలసిపోతాడు, పూర్తిగా వదలివేసేవాడు బండలకు తగులుతాడు. ప్రవాహాన్ని గుర్తించి తన పని తాను చేసేవానికి పెద్దబండ వెనుక నీరు నిదానించి ఎగువకు మరలే ఒక ప్రశాంతస్థలం లభిస్తుంది. అక్కడ నిలిచి, ముందున్న మార్గాన్ని సాక్షిలా పరిశీలించి, నావికుడు మళ్లీ ప్రవాహంలోకి వస్తాడు. సంధ్యావందనం, జపం, సత్సంగం దినచర్యలో ఇట్టి స్థలాలే.

ఈ వేసవిలో గంగకు గాని నర్మదకు గాని ఇట్టి యాత్ర సంకల్పించే ఆస్తికులు కొన్ని నియమాలు పాటించడం శ్రేయస్కరం. నది ఎక్కడైనా తీర్థమే గనుక మద్యమాంసాలు, కేకలు, ప్లాస్టిక్ వ్యర్థాలు ఆ తీరాన తగవు. అనుమతి కలిగిన శిక్షకులనే ఆశ్రయించాలి. లైఫ్ జాకెట్, హెల్మెట్ లేకుండా నీటిలోకి దిగరాదు. నూతనాభ్యాసకులు నిశ్చలజలంలో అభ్యసించిన పిమ్మటనే తరంగాలలోకి ప్రవేశించాలి. నావ ఎక్కే ముందు దోసెడు నీరు శిరస్సున చల్లుకొని, ఆ తల్లి అనుమతి కోరాలి. అట్లు చేసినవానికి ఆటయే ఉపాసన కాగలదు.

సర్వం శ్రీగంగామాతృచరణారవిందార్పణమస్తు.