ముందు చుట్టాలిల్లు, తర్వాత చార్మినార్

వెలిమెల నుంచి ఇంటిల్లిపాదీ పట్నం బయల్దేరితే ఆ రోజు లెక్క దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రం ట్యాంక్‌బండ్, పిల్లలు నిద్రకు తూలే వేళకు చుట్టాలిల్లు. అక్కడ చెప్పులు విప్పకముందే "ఛాయ్ తాగి పోతం" అనడం. ఈసారి మేము ఆ వరుసను తిరగేశాం. కొల్లూరు, తెల్లాపూర్ మీదుగా లింగంపల్లి చేరి, ఎంఎంటీఎస్ ఎక్కి నాంపల్లిలో దిగి, నేరుగా గౌలిగూడలోని చిన్నమ్మ ఇంటికి వెళ్లాం. చూడాల్సినవన్నీ ఆ తర్వాతే. వీలు చూసుకుని చేసిన మార్పు కాదిది. చుట్టాలింటి గడప నుంచి మొదలుపెడితేనే నగరం ఒక ఊరుగా అర్థమవుతుందని, లేకుంటే విడివిడి కట్టడాలుగానే కంటికి ఆనుతుందని నా గట్టి నమ్మకం.

గౌలిగూడనే తీసుకుందాం. ఆ ఇంటి నుంచి కాలినడకన బయల్దేరితే ముందు తగిలేది చార్మినార్ కాదు, మూసీ. కారులో వచ్చినవాళ్లకు మూసీ అంటే వంతెన మీద అద్దాలు ఎత్తించే మురుగు వాసన, అంతే. ఒడ్డున బతికే ఇంటినుంచి చూస్తే ఆ నదే నగరం కథకు మొదలు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజు నూటయాభై మందికి పైగా ప్రాణాలు నిలిపిందని చెప్పుకునే చింతచెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. పిల్లలకు చార్మినార్ కంటే ముందు దాన్ని చూపించాలంటాను. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ వరదను అదుపు చేయాలన్న ఆ ఆలోచనలోంచే వచ్చాయి. గండిపేట మా వైపే ఉంది. మూసీ పుట్టేదీ మా పడమటి దిక్కున, అనంతగిరి కొండల్లోనే. 1965 నుంచి మా సంగారెడ్డి వైపు మంజీర నీళ్లు కూడా నగరానికి పోతున్నాయి. చుట్టాలింట్లో చేతికందే మంచినీళ్ల చెంబుతో మొదలైన ప్రయాణంలో ఈ సంగతులన్నీ వాటంతటవే ఒకదానికొకటి అతుక్కుంటాయి. టికెట్ కౌంటర్ దగ్గర మొదలైన ప్రయాణంలో ఆ అవకాశం తక్కువ.

వంతెన దాటితే సాలార్‌జంగ్. అది మొదట ఎవరిదో ఇల్లని చాలామందికి గుర్తుండదు. మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాక, ఆయన కూడబెట్టిన వస్తువులను 1951 డిసెంబరు 16 నుంచి దివాన్ దేవిడీలో, అంటే ఆ కుటుంబం నివాసంలోనే, జనానికి చూపించారు. ఇప్పటి భవనంలోకి మారింది 1968లో. గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు గుంపులో నిలబడి చూస్తే అదొక వింత. ఒక ఇంట్లోంచి అప్పుడే వచ్చిన కళ్లతో చూస్తే, అదీ ఒకప్పుడు ఒక ఇంట్లో కాలం చెప్పిన వస్తువే. 1591 నాటి చార్మినార్ కూడా ఒంటరి కట్టడంగా లేవలేదు. కొత్త ఊరికి నడిబొడ్డుగా, నాలుగు దిక్కులకూ బజార్లు పోయేలా కట్టారు. చుట్టూ మనుషులు కాపురం ఉండాలన్నదే ఆ కట్టడం ఉద్దేశం.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. ఒక్క రోజులో పొద్దుటి పూట చుట్టరికానికి ఇస్తే చూసేదేముంటుంది అంటారు. మ్యూజియం తలుపులు తీసేదే పదింటికి, శుక్రవారమైతే అసలు తీయరు. పొద్దుటి వేళ ఎలాగూ ఖాళీయే. రెండోది బరువైన మాట. పొద్దున్నే ఇంతమంది దిగితే వండి వార్చేదెవరు? ఆ ఇంటి ఆడవాళ్లే కదా! దీన్ని నేను తోసిపుచ్చలేను. అందుకే జొన్నరొట్టెలు, పచ్చడి, తోట కూరగాయలు మేమే కట్టుకుపోవాలని, మధ్యాహ్న భోజనానికి ఆగకూడదని ముందే అనుకున్నాం. నిజానికి రాత్రి వస్తామని చెప్పి రోజంతా వాళ్లను పొయ్యి దగ్గర ఎదురుచూయించడమే పెద్ద భారం.

మూడో అభ్యంతరం మా ఊరి కుర్రవాళ్లది. పట్నమే మన ఇంటిముందుకు వచ్చింది, ఇంకా పోవుడెందుకు అని. కొల్లూరు దగ్గర రింగురోడ్డు ఉంది, చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఆ మాటలో నిజముంది. కానీ అదే కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లున్నాయి. అవి నగరంలోని పేద కుటుంబాల కోసం కట్టినవి. బస్తీ వదిలి అంతదూరం వచ్చినవాళ్ల అక్కచెల్లెళ్లు, మేనమామలు ఆ బస్తీల్లోనే ఉంటారు. పండుగకు వాళ్లూ లింగంపల్లికి వచ్చి మేమెక్కిన బండే ఎక్కాలి. పట్నం దగ్గరయ్యేకొద్దీ ఈ రాకపోకలు పెరుగుతాయే గాని తగ్గవు.

గౌలిగూడ వాళ్లు బతుకమ్మకు వెలిమెల వస్తామన్నారు. గండిపేట కట్ట చూడాలని వాళ్ల పిల్లలకు ఉంది. కట్ట మీదికి మరునాడు తీసుకుపోతాం. వచ్చిన రోజు మాత్రం ఇంట్లోనే.