మెరుగు వెనక తరుగు

న్యూషాటెల్‌లో రైలెక్కితే అరగంట ప్రయాణం. స్విట్జర్లాండులో అరగంట అంటే అరగంటే! దారిలో షాంబ్రెలియన్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ బండి ఆగి, కాసేపటికి వెనక్కి కదులుతుంది. కొత్తవాళ్లు కంగారుగా పక్కవాళ్ల మొహాలు చూస్తారు. ఏం ఫర్వాలేదు. కొండ ఎక్కడానికి రైలు అక్కడ దిశ మార్చుకుంటుంది, అంతే. అలా ముందుకీ వెనక్కీ నడిచి, జూరా కొండలెక్కి, సొరంగాలు దాటి బయటికొస్తే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఓ ఊరు. పేరు లా షో-ద-ఫోన్.

సినిమా పాటల్లో కనిపించే స్విట్జర్లాండు కాదిది. పచ్చిక మైదానాలూ, చెక్క ఇళ్లూ ఊరి బయటే ఆగిపోతాయి. ఊళ్లో అన్నీ గీత గీసినట్టుండే వీధులు. ఒకదాని వెనక ఒకటిగా పొడవాటి ఇళ్ల వరసలు, వరసకీ వరసకీ మధ్య తోట. 1794లో ఊరు చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత కట్టుకున్న ఊరిది. ఇలా కట్టడానికో కారణముంది. ఇక్కడ ఇంటింటా వాచీ పనే. కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే మనిషికి కావలసింది వెలుతురు. ఒకరింటి నీడ ఇంకొకరి బల్ల మీద పడకూడదు. ఆ లెక్కతోనే వీధులు వేశారు. పక్కనున్న లె లోక్ల్‌తో కలిపి ఈ ఊరిని 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాజుల కోటలకీ గుళ్లకీ దక్కే గౌరవం వాచీ పనివాళ్ల ఇళ్లకి దక్కింది!

ఈ ఊరు కార్ల్ మార్క్స్ కంట కూడా పడింది. 1867లో అచ్చయిన 'పెట్టుబడి' గ్రంథంలో ఒక్క వాచీ తయారీకి ఎన్ని రకాల చేతులు పనిచేస్తాయో ఆయన పెద్ద జాబితా ఇచ్చారు. స్ప్రింగులు చేసేవాళ్లు, ముళ్లు చేసేవాళ్లు, స్క్రూలు చేసేవాళ్లు... అలా సాగి సాగి చివరికొచ్చేసరికి కేసు మీద నగిషీ చెక్కేవాళ్లు, ఆ కేసుకి పాలిష్ పెట్టేవాళ్లు. ఈ ఊరంతటినీ ఒకే ఒక్క పెద్ద వాచీ కార్ఖానాగా చూడొచ్చన్నది ఆయన మాట.

మనకి బాగా తెలిసిన ఇంకో పెద్దమనిషి పుట్టిందీ ఇక్కడే. చండీగఢ్ నగరానికి నమూనా గీసిన ల కార్బూజియే. 1887లో పుట్టినప్పుడు ఆయన పేరు షార్ల్ ఎద్వార్ జాన్నెరె. తండ్రి వాచీ డయళ్లకి ఎనామిల్ పూసేవాడు. కొడుకు ఊళ్లోని ఆర్ట్ స్కూల్లో చేరి వాచీ కేసుల మీద నగిషీ చెక్కడం నేర్చుకున్నాడు. చూపు అంత బాగుండకపోవడం, గురువు మనసు మళ్లించడం... రెండూ కలిసొచ్చి ఇళ్ల నమూనాల వైపు తిరిగాడు. లేకపోతే చండీగఢ్ ఎలా ఉండేదో గానీ, ఎవరి జేబుగడియారం వెనకో ఆయన చెక్కిన పువ్వులు మాత్రం ఉండేవి. వాటికెవరైనా శ్రద్ధగా నాలుగుసార్లు పాలిష్ పెట్టించి ఉంటే... అవీ ఉండేవి కాదు.

అసలు సంగతి ఇదే. ఈ కొండల్లో తయారయ్యే ఖరీదైన వాచీకి దెబ్బలకంటే, చెమటకంటే, కొన్నిసార్లు యజమాని ప్రేమే ఎక్కువ చేటు చేస్తుంది.

తెలుగిళ్లలో ఆడవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పెళ్లి ముందు గాజులకి మెరుగు పెట్టించాలంటే అమ్మమ్మలు ముందు తూకం వేయించి, తర్వాత మళ్లీ తూకం వేయించేవారు. మెరుగు ఊరికే రాదనీ, దాని వెనక తరుగు ఉంటుందనీ వాళ్లకి తెలుసు. బంగారు కొట్ల ముందు ధూళి ఊడ్చుకుపోయి, అందులోంచి పసిడి తీసి బతికేవాళ్లు ఉండనే ఉన్నారు. స్విట్జర్లాండు పాలిష్ గదుల్లోనూ అదే కథ. చక్రం దగ్గర ఎగిరే ధూళిని గొట్టాలు పీల్చుకుంటాయి. బంగారు వాచీల ధూళి కరిగించడానికి వెళ్తుంది. అంత జాగ్రత్తగా పోగుచేసేది వాచీ ఒంటి మీద నుంచి ఊడిన లోహాన్నే మరి!

చాలామంది పాలిష్ అంటే శుభ్రం చేయడమనుకుంటారు. కాదు. గీత పడిందంటే అక్కడ లోహంలో ఓ సన్నటి లోయ ఏర్పడిందన్నమాట. పాలిష్ ఆ లోయని పూడ్చదు. చుట్టూ ఉన్న నేలనంతా లోయ అడుగుదాకా దించుతుంది. వీధిలో ఒక గుంత ఉందని ఊరంతా ఆ లోతుకి తవ్వేసి 'చూశారా, గుంత లేదు' అన్నట్టు! ఒకసారికి పోయేది వెంట్రుక మందం కంటే తక్కువే కావచ్చు. కానీ అయిదేళ్లకోసారి సర్వీసుకిచ్చి, ఇచ్చినప్పుడల్లా పాలిష్ చేయిస్తే ముప్ఫయ్యేళ్లకి ఎన్ని వెంట్రుకలవుతాయో లెక్కేసుకోవచ్చు.

పోయే లోహం బరువు కంటే పోయే అంచు విలువ ఎక్కువ. మంచి వాచీ కేసు అంతా ఒకేలా మెరవదు. పైభాగం సన్నటి గీతలతో మసకగా ఉంటుంది. పక్కభాగం అద్దంలా ఉంటుంది. రెండూ కలిసే చోట కత్తి అంచులా ఓ గీత. ల బ్రాసూ గ్రామంలో తయారయ్యే ఓదమార్ పిగే వాళ్ల 'రాయల్ ఓక్' వాచీనే తీసుకోండి. 1972లో జెరాల్ద్ జాంతా గీసిన నమూనా. అద్దం చుట్టూ ఎనిమిది పలకల చట్రం, ఎనిమిది స్క్రూలు. బంగారం కాదు, ఉత్త స్టీలు. దాని అందమంతా ఆ మసక, ఆ మెరుపు కలిసే అంచులోనే ఉంది. అలాంటిదాన్ని తెలియనివాడు మెత్తటి గుడ్డచక్రానికి ఆనించాడనుకోండి, గుడ్డ అంచు మీదుగా వంగి రెండు వైపులా తినేస్తుంది. పదును పోయి నున్నబడుతుంది. నోట్లో కాసేపు చప్పరించిన పిప్పరమెంటు బిళ్ల ఎలా ఉంటుందో, అలా తయారవుతుంది. తళతళా మెరుస్తుంది, అందులో సందేహం లేదు. వాచీ పోయి మెరుపు మిగులుతుంది.

బెల్టు తగిలించే నాలుగు కొమ్ములూ ముందు నష్టపోతాయి. ఎడమవైపువి లావుగా, కుడివైపువి సన్నగా మిగిలిన పాత వాచీలు కనిపిస్తూనే ఉంటాయి. బంగారు వాచీలైతే ఆ కొమ్ముల మీదో, వెనక మూత మీదో ప్రభుత్వ ముద్రలుంటాయి. స్విస్ 18 క్యారెట్ల బంగారానికి 1995 వరకూ హెల్వెటియా అనే స్త్రీ మూర్తి తల ముద్ర వేసేవారు. ఆ ఏడాది నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. ముద్ర లోతెంత? గోటితో తడిమితే తెలిసీ తెలియనంత. నాలుగు పాలిష్‌ల తర్వాత హెల్వెటియాకి ముక్కూ మొహం ఉండవు. పాత రోలెక్సుల్లో కొమ్ముల మధ్య చెక్కిన నంబర్లదీ అదే గతి. నంబరు చదవలేని వాచీని కొనేవాడు రెండడుగులు వెనక్కేస్తాడు.

ఇంకా ప్రాణాంతకమైనవీ ఉన్నాయి. వెనక మూత కూర్చునే అంచు అరిగితే రబ్బరు రింగు సరిగ్గా పట్టదు. నీళ్లు చొరబడతాయి. యంత్రం బయటికి తీయకుండానే చక్రానికి పెట్టే మహానుభావులూ ఉంటారు. ఆ వేడీ, ఆ ధూళీ లోపలికి పోతే తర్వాత వాచీ టైము కాకుండా పురాణం చెబుతుంది. ఇక బంగారుపూత వాచీల సంగతైతే చెప్పక్కర్లేదు. పూత మందం మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. రెండు నిమిషాల మెరుగుకి కింద ఉన్న ఇత్తడి పలకరిస్తుంది.

ఈ నష్టం ఎంతో తెలియాలంటే ఇక్కడి నుంచి రెండు గంటల దూరంలో ఉన్న జెనీవా వెళ్లాలి. ఏటా మే, నవంబరు నెలల్లో అక్కడి హోటళ్లలో పాత వాచీల వేలం పాటలు జరుగుతాయి. ముందురోజుల్లో వాచీలు చూడ్డానికి పెడతారు. వచ్చినవాళ్లు ఎంత బాగా మెరుస్తోందో చూడరు. కంటికి భూతద్దం పెట్టుకుని గీతల కోసం వెతుకుతారు! గీతలుండి, అంచులు పదునుగా ఉంటే మొహం వెలిగిపోతుంది. కేటలాగులో 'పాలిష్ పట్టనిది' అన్న ఒక్క మాట ఉంటే పాట ఎక్కడికో వెళ్తుంది. పెళ్లిచూపుల్లో పౌడరు రాసుకోని పిల్లనే మెచ్చుకున్నట్టు.

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వాచీ కథ ఈ లోకంలో అందరికీ కంఠతా వచ్చు. అది రోలెక్స్ డేటోనా. కారు పందేల పిచ్చి ఉన్న భర్తకి జొయాన్ వుడ్‌వర్డ్ కొనిచ్చింది. 'జాగ్రత్తగా నడుపు' అని వెనక మూత మీద చెక్కించి, కింద పేరు బదులు 'నేను' అని పెట్టింది. 1984లో న్యూమన్ దాన్ని కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో అది కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. మధ్యలో ఏ మంచి మనిషో 'పాతబడింది కదా' అని వెనక మూతని నున్నగా చేయించి ఉంటే? ఆవిడ మాట ధూళి గొట్టంలోకి పోయేది. మిగిలేది ఇంకో పాత డేటోనా.

మళ్లీ లా షో-ద-ఫోన్ కొస్తే, ఇక్కడి అంతర్జాతీయ గడియారాల మ్యూజియం చూసి తీరాలి. 1974లో ప్రారంభమైన ఈ భవనం చాలా భాగం భూమిలోనే ఉంటుంది. బయట పార్కులో స్టీలు గొట్టాలతో కట్టిన పెద్ద గంటల గడియారం పావుగంటకోసారి మోగుతుంది. లోపల నీడగడియారాల నుంచి అణుగడియారాల దాకా వేల వస్తువులు. పాతవాటిని బాగుచేసే కేంద్రం కూడా ఇక్కడే ఉంది. మ్యూజియాల పద్ధతి మన అలవాటుకి తలకిందులుగా ఉంటుంది. మురికి తీస్తారు, తుప్పు ఆపుతారు, ఆగిన చక్రాన్ని తిప్పుతారు. కానీ వయసుని చెరపరు. మూడొందల ఏళ్ల కిందటి వెండి కేసు మీద ఎవరి బొటనవేలు రోజూ ఆనేదో ఆ అరుగుదల అలాగే ఉంచుతారు. తళతళలాడే వస్తువులు కావాలనుకుని వెళ్లేవాళ్లకి కాస్త నిరాశే.

అలాగని పాలిష్ చేసేవాళ్లంతా దుర్మార్గులని కాదు. ఈ ఊళ్లో అదొక చదువు, ఏళ్లు పట్టే విద్య. నేర్పరి చేతిలో పడితే వాచీని ముక్క ముక్కా విప్పి, మసక భాగానికి అద్దపు మెరుపు అంటకుండా టేపు వేసి, చదును పలక మీద అంచు చెడకుండా తీస్తారు. లోతుగా సొట్టపడితే లేజరుతో అదే లోహం నింపి, మళ్లీ రూపం దిద్దుతారు. రోజూ చేతికుండే కొత్త వాచీకి, అమ్మే ఉద్దేశం లేనివాళ్లు, ఒక్కసారి మంచిచోట చేయించుకుంటే కొంపేం మునగదు. ఎవరి వాచీ, ఎవరి సరదా వాళ్లది. చిక్కల్లా అడక్కుండా చేసేయడంలో ఉంది. చాలా సర్వీసు సెంటర్లలో పూర్తి సర్వీసంటే పాలిష్ కూడా కలిసే ఉంటుంది. వద్దని చెప్పకపోతే సరేనన్నట్టే. వాచీ తిరిగొచ్చేసరికి కొత్తదానిలా ఉందని యజమాని మురిసిపోతాడు. ఏం పోయిందో తెలిసేది పదేళ్ల తర్వాత, అమ్మబోయినప్పుడు.

అందుకని కాస్త తెలిసినవాళ్లు ఇచ్చేముందే నాలుగు వైపులా ఫొటోలు తీసుకుంటారు. కొమ్ములు దగ్గరగా, నంబరు దగ్గరగా, ముద్ర దగ్గరగా. 'పాలిష్ వద్దు' అన్న మాట నోటితో చెప్పి ఊరుకోరు, రసీదు మీద రాయించుకుంటారు. తీసేసిన పాత విడిభాగాలు తిరిగి ఇమ్మంటారు.

ఈ జాగ్రత్త కోట్ల వాచీలకేనా? తెలుగిళ్ల బీరువాల్లో, బట్టల అడుగున, పెళ్లినాడు మామగారు పెట్టిన హెచ్ఎంటీలు ఎన్ని లేవు! ఆ వాచీల తయారీ 1961లో బెంగళూరులో మొదలైంది. తాతగారి వాచీ మనవడి చేతికి పెట్టేముందు బజారులో ఇచ్చి 'కొత్తదానిలా చెయ్యి బాబూ' అనడం మామూలే. ఆ మాటే వద్దు. లోపల శుభ్రం చేసి, నూనె వేసి, బెల్టు మారిస్తే చాలు. వెనక మూత మీద తాతగారి పేరూ, పెళ్లి తేదీ చెక్కి ఉంటే మాత్రం ఓ చిన్న పనుంది. ఆ అక్షరాల మీద కాగితం ముక్క అంటించి, 'ఇక్కడ చెయ్యి పెట్టొద్దు' అని పెద్దక్షరాలతో రాసి ఇవ్వాలి.