ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్: డాక్టర్‌ను, దవాఖానను ఎట్ల చూసుకున్న

ఈసారి సోయా రేటు గురించి కాదు, పత్తి పురుగు గురించి కాదు. మన మగోళ్లు నలుగుర్ల మాట్లాడని ముచ్చట. జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

నా వయసు 56. స్వర్ణ ప్రాజెక్టు కింద ఎకరంన్నర వరి, మెట్ట మీద రెండెకరాలు సోయా, పత్తి. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తుంటే మా ఇంటామె ఊకోలేదు, నిర్మల్ తీస్కపోయింది. ఆడ పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష చేసిండ్రు. మామూలుగ 4 లోపు ఉండాలంటరు, నాది 11 వచ్చింది. పీఎస్‌ఏ ఎక్కువున్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతది. ముక్క తీసి చూసినంకనే తేలుతది. నాకు తేలింది. రిపోర్టుల గ్లీసన్ స్కోరు 3+4=7 అని రాసిండ్రు. ఈ స్కోరు 6 నుంచి 10 దాక ఉంటది. 6 అంటే మెల్లగ పెరిగేది, 9, 10 అంటే మొండిది. నాది నడిమిట్ల ఉన్నది. స్కానింగుల బయటికి పాకలేదని వచ్చింది.

అప్పటి సంది సలహాలు మొదలైనయి. తెలిసిన ఆర్‌ఎంపీ ఒకాయన ఒక కార్పొరేట్ దవాఖాన పేరు చెప్పి, నేనే ఫోన్ చేస్త, రేపే పోదాం అన్నడు. పోయినం. ఆ డాక్టర్ ఐదు నిమిషాలు మాట్లాడి, వచ్చే వారం రోబోతోని చేద్దాం, ఆరు లక్షల పైన అయితది, లేటు చేస్తే పాకుతది అన్నడు. బస్సుల వస్తుంటే నేను, మా ఇంటామె ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇద్దరికీ తెలుసు, ఆరు లక్షలంటే కాలువ కింది భూమి పోవుడే. నేను బతికొచ్చినా, భూమి లేకుంట ఏం చేసుకొని బతకాలె?

ఇంటికొచ్చినంక ఆమె ఒక్కటే అన్నది: "ఎద్దును కొనాలంటే నోరు తెరిచి పండ్లు చూస్తవు, నాగలి కట్టి నడిపిచ్చి చూస్తవు. నీ పాణానికి అంత కూడ చూడవా?"

అందుకే రెండో డాక్టర్ దగ్గరికి పోయినం. ఈయన ఆపరేషన్ డాక్టర్ కాదు, రేడియేషన్ డాక్టర్. గ్రంథి దాటని క్యాన్సర్‌కు ఆపరేషన్ ఒక్కటే దారి కాదని అప్పుడే తెలిసింది. రేడియేషన్ ఉన్నది. స్కోరు 6 ఉన్నోళ్లకు కొందరికి ఏమీ చేయకుంట, అప్పుడప్పుడు పరీక్షలు చేస్తూ కనిపెట్టి చూసుడు కూడ ఉన్నది. బ్రిటన్‌ల 1,643 మంది మగోళ్లను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్, ఒక గుంపును కనిపెట్టి చూసుడు చేసిండ్రట. 15 ఏండ్లకు ఈ క్యాన్సర్‌తోని చనిపోయినోళ్లు మొత్తం మీద నూటికి ముగ్గురే. గుంపుకు గుంపుకు పెద్ద తేడా లేదు. ఈ లెక్క 2023ల బయటికొచ్చింది. వాళ్లల్ల చానమందిది తొందరగ పట్టుకున్న జబ్బు, మెల్లగ పెరిగే రకం. మన దిక్కు చాన మంది నడుము నొప్పి, ఎముకల నొప్పి వచ్చినంక పోతరు. వాళ్ల సంగతి వేరే.

లేటు అయితదేమో అన్న నా భయం కూడ ఆయనే తీసిండు. ముక్క తీసినంక లోపట వాపు తగ్గనీకి ఎట్లాగూ ఆరు వారాల దాక ఆగుతరట. నాసొంటి కేసుల ఆలోచించుకోనీకి టైము ఉంటదని చెప్పిండు. ఎక్కువ స్కోరు ఉన్నోళ్లు మాత్రం ఎన్ని రోజులు ఆగొచ్చో డాక్టర్‌నే అడగాలె.

ఇగ రోబో ముచ్చట. రోబో అంటే మిషిని దానంతటదే కోస్తదని మన దగ్గర అనుకుంటరు. కాదు. డాక్టరే పక్కన కూసోని చేతులతోని దాన్ని నడిపిస్తడు. ఆస్ట్రేలియాల బ్రిస్బేన్‌ల కొందరికి రోబోతోని, కొందరికి చేత్తోని చేసి చూసిండ్రు. రోబోతోని రక్తం తక్కువ పోయింది, ఇంటికి జల్ది పోయిండ్రు. కానీ రెండేండ్లకు మూత్రం ఆపుకునుడుల, మగతనంల ఇద్దరూ ఇంచుమించు ఒక్కతీరే ఉన్నరు. ట్రాక్టర్ కొత్తదా పాతదా అన్నదానికంటే నడిపేటోడు ఎవరన్నది ముఖ్యం.

సర్కారు దిక్కు కూడ చూసినం. హైదరాబాద్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉన్నది. పంజాగుట్టల నిమ్స్ ఉన్నది, దాంట్ల 2023ల రోబో కూడ పెట్టిండ్రు. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్‌ల పది లక్షలకు పెంచిండ్రు. అయితే ఏ దవాఖానల, ఏ ఆపరేషన్‌కు కార్డు చెల్లుతదో ఆడ కూసునే ఆరోగ్యమిత్రను ముందే అడగాలె. ప్రైవేటు దవాఖానల్ల కూడ కార్డు తీసుకునేటియి ఉన్నయి.

మూడు చోట్ల నేను అడిగిన ప్రశ్నలు ఇవి. మీకు పనికొస్తయి:

1. ఆపరేషన్ మీరే చేస్తరా, మీ కింది డాక్టర్ చేస్తడా?
2. క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తీసే ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తరు? (మామూలు ఉబ్బుకు మూత్రనాళంల నుంచి గీకే ఆపరేషన్ వేరే. మన ఊర్లల్ల రెండింటినీ ప్రోస్టేట్ ఆపరేషన్ అనే అంటరు. దాంట్ల పేరున్న డాక్టర్ దీంట్ల కూడ అంతే అనుకోవద్దు.)
3. ఏడాది అయినంక మీ పేషంట్లల్ల ప్యాడ్ లేకుంట ఉండేటోళ్లు నూటికి ఎందరు?
4. పరీక్షలు, ఐసీయూ, రక్తం, మందులు అన్ని కలిపి ఎంత? కాయితం మీద రాసిస్తరా?
5. ఊరికి పోయినంక రాత్రిపూట పైపు బంద్ అయితే ఎవలకు ఫోన్ చేయాలె?

ఒకాయన మొదటి ప్రశ్నకే చిరాకు పడ్డడు. ఇంకొకాయన, సర్కారు దవాఖాన పెద్ద డాక్టర్, అన్నిటికీ జవాబు చెప్పి, "నీకు మూత్రం కొన్ని నెలలు కారొచ్చు, మగతనం పూర్తిగ తిరిగి రాకపోవచ్చు. ఇంట్ల మాట్లాడుకొని రా" అన్నడు. మా ఇంటామె పక్కనే ఉన్నది. ఆమె "నువ్వు ఉంటే సాలు" అన్నది. నేను ఆయన దగ్గరనే చేయించుకున్న, చేత్తోనే. ఆయన పేరు, దవాఖాన పేరు రాస్తలేను. నాకు కుదిరింది అందరికీ కుదరాలని లేదు.

రేడియేషన్ ఎందుకు వద్దనుకున్ననంటే, వారాల తరబడి దాదాపు రోజూ పోవాలె. నిర్మల్ నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైన, మనకు రైలు లేదు. ఆడ రూము తీసుకొని ఉంటే చేను ఎవరు చూడాలె? హైదరాబాద్‌ల ఇల్లున్నోళ్లకు, గుండె జబ్బు ఉన్నోళ్లకు రేడియేషనే నయం కావచ్చు.

ఇప్పుడు తొమ్మిది నెలలైంది. పైపు రెండు వారాలకు తీసిండ్రు. నాలుగు నెలలు ప్యాడ్లు పెట్టుకున్న. పెండ్లిళ్లకు పోలేదు, బస్సెక్కలేదు. మూత్రం ఆపే కండరాలను బిగబట్టే ఎక్సర్‌సైజు రోజూ చేసిన. ఇప్పుడు దగ్గినప్పుడు, మూట ఎత్తినప్పుడు రెండు చుక్కలు పడతయి, అంతే. రెండోది ఇంకా రాలేదు, వస్తదో రాదో. పీఎస్‌ఏ 0.1 కంటే తక్కువున్నది. మూడు నెలలకొకసారి చూపించుకోవాలె. భూమి భూమి తీరుగనే ఉన్నది.

యాభై దాటినోళ్లు, మీ నాయనకో అన్నకో ఈ జబ్బు ఉన్నోళ్లు ఇంకా ముందే, ఆ రక్త పరీక్ష గురించి డాక్టర్‌ను అడుగుండ్రి. ఎవరికన్న ఇప్పటికే వచ్చి ఉంటే, అందరి ముందట చెప్పుకోబుద్ధి కాకుంటే మా ఇంటికి రండ్రి. నా ఫైలు మొత్తం చూపిస్త. వచ్చేటప్పుడు ఇంటామెను కూడ తోలుకరండ్రి.