పద్దెనిమిది నిండితే భయం

మన పిల్లాణ్ణి ఇంటర్‌కి హాస్టల్లో చేర్పించిన రోజు గుర్తుందా మీకు? ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా, ట్రంకు పెట్టెకి తాళం... అన్నీ సర్దిచ్చి, వాడు కనబడినంతసేపూ చెయ్యి ఊపి, బస్సెక్కాక కొంగుతో కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే మనమంతా. మరి పదహారేళ్ళ కొడుకుని, మళ్ళీ చూస్తామో లేదో తెలియకుండా, ముక్కూ మొహం ఎరగని దళారీ చేతిలో పెట్టి సముద్రం మీదకి పంపిన తల్లి సంగతేమిటి?

అలాంటి తల్లుల పిల్లల్ని నేను మెల్‌బోర్న్‌లో చూశాను. మావారి ఉద్యోగం కోసం హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్ళిన కొత్తలో, 2013లో ఏడాదిపాటు, వారానికి రెండు సాయంత్రాలు డాండెనాంగ్ వైపు ఓ ఇంటికి వెళ్ళి ఐదుగురు మగపిల్లలకి ఇంగ్లీషు చెప్పేదాన్ని. అందరూ అఫ్గానిస్తాన్ హజారా కుటుంబాల పిల్లలే. షియా ముస్లిములు కావడం వల్ల ఆ జాతి మీద తాలిబన్లకీ ఇతర తీవ్రవాదులకీ కక్ష. అందుకని ఎన్నో కుటుంబాలు పాకిస్తాన్‌లోని క్వెట్టాకి వలసపోయాయి. అక్కడా బాంబులే! ఉన్న పొలమో నగలో అమ్మి, అప్పు చేసి, పెద్దకొడుకుని ఇండోనేషియా దాకా పంపేవారు. అక్కడి నుంచి చేపల పడవలో ఆస్ట్రేలియా వాళ్ళ క్రిస్మస్ దీవికి. కొన్ని పడవలు చేరేవి కావు కూడా.

నేను వెళ్ళే ఇంటికి కంచె లేదు. కాపలా లేదు. ముందు గులాబీ మొక్కలు, వెనక బట్టలారేసుకునే తీగ. అయినా చట్టం లెక్కలో ఆ పిల్లలు నిర్బంధంలో ఉన్నట్టే! కమ్యూనిటీ డిటెన్షన్ అంటారు దాన్ని. 2005లో చట్టం మార్చి ఈ పద్ధతి పెట్టారు. తోడులేని పిల్లల్నీ, పిల్లలున్న కుటుంబాల్నీ పెద్ద ఎత్తున ఇలా ఇళ్ళలోకి మార్చడం మాత్రం 2010 అక్టోబరు ప్రకటన తర్వాతే. ముళ్ళకంచెల శిబిరాలతో పోలిస్తే ఇది స్వర్గమే, కాదనను. కానీ చెప్పిన ఇంట్లోనే పడుకోవాలి. స్నేహితుడి ఇంట్లో ఒక్క రాత్రి ఉండాలన్నా ముందు అనుమతి కావాలి. పేపర్లు వేసే పని కూడా చెయ్యకూడదు.

ఇంకో విడ్డూరం వినండి. ఇలా ఒంటరిగా వచ్చిన పిల్లలకి చట్టరీత్యా సంరక్షకుడు ఎవరో తెలుసా? ఇమ్మిగ్రేషన్ మంత్రి! 1946 నాటి చట్టం అది. నిర్బంధించేదీ, వీసా ఇచ్చేదీ, మానేదీ ఆయన శాఖే. తండ్రి స్థానమూ ఆయనదే. మానవ హక్కుల సంఘం వాళ్ళు ఇది కుదరదని ఎన్నిసార్లు మొత్తుకున్నారో!

ఇంట్లో పనివంతుల ప్రకారం సంరక్షకులు మారుతుంటారు. పొద్దున ఉన్న ఆంటీ రాత్రి ఉండదు. ప్రేమగానే చూస్తారు, కానీ డ్యూటీ అయ్యాక వాళ్ళిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు కదా. పిల్లలు పొద్దున్నే లేచి నమాజు చేసుకుని, బస్సెక్కి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే బడికి పోతారు. సాయంత్రం ఫుట్‌బాల్. వారానికోసారి ఇచ్చిన డబ్బులో సరుకులు. థామస్ వీధిలో అఫ్గాన్ దుకాణాలున్నాయి, నాన్ రొట్టె అక్కడే కొనేవారు.

మా మధ్య ఇంగ్లీషు కన్నా ముందు కలిసింది ఉర్దూ. క్వెట్టాలో పెరిగారు కనుక వాళ్ళకొచ్చు. నాది మన హైదరాబాదీ ఉర్దూ, వింటే పడీపడీ నవ్వేవారు. బజారు, కిస్‌మిస్, రోజు... మన మాటలే అనుకున్నవి వాళ్ళ ఇళ్ళలోనూ ఉన్నాయి. ఇంకోటి, దరఖాస్తు. అదీ వాళ్ళ మాటే. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు వినేదాన్నో!

వాళ్ళలో ఒకడికి (పేరు రాయను) వంట మహా ఇష్టం. ఇంటి దగ్గర ఏనాడూ వంటింటి గడప తొక్కలేదట. ఇక్కడికొచ్చాక తల్లిని ఫోన్లో అడిగి అడిగి నేర్చుకున్నాడు. బొలానీ అని, మైదాపిండి పలచగా ఒత్తి, లోపల ఉడికిన బంగాళదుంప, ఉల్లికాడలు, కొత్తిమీర పెట్టి, సగానికి మడిచి నూనెలో కాలుస్తారు. మన ఆలూ పరాటాకి చెల్లెలు అనుకోండి. పెరుగుతో తింటే... అబ్బ! (నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో మగవాళ్ళు గరిట పట్టడం నేనింకా చూడలేదు.)

తల్లికి మాత్రం అంతా బాగుందనే చెప్పేవాడు. డబ్బు ఎప్పుడు పంపుతావని ఆవిడ అడగదు, అప్పులవాడు అడుగుతున్నాడని మాత్రం అంటుంది. పని చెయ్యనివ్వరని చెబితే ఆవిడ నమ్మదని వీడి బాధ. ఆస్ట్రేలియాలో ఉండి పని లేకపోవడమేమిటి అంటుందట! 2013 ఫిబ్రవరి 16న క్వెట్టాలో హజారా టౌన్ బజారులో బాంబు పేలి 80 మందికి పైగా పోయారు. కూరగాయలు కొనే వేళ, అంటే ఆడవాళ్ళు బయటికొచ్చే వేళ. ఆ రాత్రి ఐదుగురూ ఫోన్లు పట్టుకుని తెల్లార్లూ కూర్చున్నారట. వాళ్ళమ్మ గొంతు వినబడింది మర్నాడు సాయంత్రానికి. సోమవారం నేను వెళ్ళేసరికి వాడు పిండి కలుపుతున్నాడు. ఆ రోజు పాఠం చెప్పలేదు.

ఇక పద్దెనిమిది సంగతి. మన ఇళ్ళలో పుట్టినరోజంటే పాయసం, కొత్త చొక్కా. పుట్టిన తేదీ తెలియని ఈ పిల్లల్లో చాలామందికి కాగితాల్లో జనవరి 1 అని రాసేశారు. పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో పిల్లాడు కాదు. సంరక్షకులుండే ఇల్లు ఖాళీ చెయ్యాలి. 2013 డిసెంబరు 31న ఊరంతా బాణాసంచా చూడ్డానికి కదులుతుంటే, వీడు రెండు సంచుల్లో సామాను సర్దుకుంటున్నాడు. చట్టి ఒకటి, అప్పడాల కర్ర ఒకటి ఇచ్చాను. తలకి నూనె పెట్టుకోమని చెప్పబోయి ఊరుకున్నాను. మర్నాటి నుంచి పెద్దవాళ్ళతో కలిసి అద్దె గది, చేతిలో బ్రిడ్జింగ్ వీసా. వాడు వచ్చింది 2012 సెప్టెంబరులో. ఆ ఏడు ఆగస్టు 13 తర్వాత పడవల్లో వచ్చినవాళ్ళకి అప్పట్లో బయటికి వదిలినా పని హక్కు ఇవ్వలేదు. శరణార్థుల కోటాలో తల్లినీ తమ్ముళ్ళనీ పిలిపించుకునే దారీ మూసేశారు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, చేతికి పని లేకుండా, నాలుగు గోడల మధ్య ఏం చేస్తాడో మీరే ఊహించుకోండి.

పని హక్కు తర్వాత వచ్చింది. టైల్స్ పరిచే పని నేర్చాడు, అప్పు తీర్చాడు. కానీ వీసా తాత్కాలికమే, ఏళ్ళ తరబడి. 2023 ఫిబ్రవరిలో గానీ ప్రభుత్వం అలాంటి దాదాపు 19,000 మందికి శాశ్వత వీసాకి దారి తెరవలేదు. మరుసటి ఏడు క్వెట్టా వెళ్ళి తల్లిని చూసొచ్చాడు. వాట్సాప్‌లో ఫోటో పంపాడు. పొయ్యి పక్కన కూర్చున్నది ఆవిడ, బొలానీ ఒత్తుతున్నది వీడు. తల్లిదండ్రుల వీసాల వరుస ఏళ్ళకేళ్ళు సాగుతుందని తెలిసీ, తిరిగొచ్చిన వారంలోనే ఆవిడ పేరు మీద దరఖాస్తు పెట్టాడు.