కోశాధికారికి మా ఆరుగురి చెయ్యి ఎవరికంటే

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు జై భీమ్. అలవాటు కొద్దీ జై సేవాలాల్ అని మొదలుపెట్టి, తుడిచేసి మళ్ళీ రాస్తున్నాం. ఈ గ్రూపులో మా సుగాలీలమే లేము కదా, ఎరుకల వాళ్ళు, యానాదులు, చెంచులు కూడా ఉన్నారు. ఈ పోస్టు కూడా ఆ సంగతే.

వచ్చే ఆదివారం పాత కర్నూలు, పాత కడప జిల్లాల పిల్లలం కూర్చొని, మన సంఘం రాష్ట్ర కోశాధికారి పదవికి మన వైపు నుంచి ఒక్క పేరు పంపాలి. మహాసభలో రాష్ట్రమంతా ఓటేసేది ఆ తర్వాత. ముందు ఇక్కడ ఇద్దరిలో ఒకరు తేలాలి. ఒకరు మా తండా అన్న. ఇంకొకరు కడప వైపు నుంచి వచ్చి మా హాస్టల్లో ఉంటున్న ఎరుకల అమ్మాయి. పేర్లు అందరికీ తెలిసినవే, ఇక్కడ రాయడం లేదు. మేము ఆరుగురం ఒకే రూము, అందరం సుగాలీలమే, ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా చెయ్యి ఆ అమ్మాయికి.

అన్న మంచోడు కాదని మేం అనం. మాలో ఇద్దరికి సీటు కోసం కౌన్సెలింగ్‌కు వెంట వచ్చింది అన్నే. రాత్రి ఒంటి గంటకు ఫోన్ చేసినా ఆసుపత్రికి వచ్చాడు. అధ్యక్షుడిగా నిలబడితే ముందు చెయ్యెత్తేది మేమే. కానీ అన్న ఎవరు అడిగినా కాదనలేడు. డబ్బు పెట్టె దగ్గర ఆ గుణం పనికిరాదు.

పోయిన ఏడాది ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఫీజు డబ్బులు పడక ఒక చెల్లికి హాల్ టికెట్ ఆగిపోతే, రూము రూముకూ తిరిగి 20, 50 ఎత్తి 6,400 రూపాయలు అన్న చేతికిచ్చాం. ఎవరూ తినలేదు, అది మేమూ నమ్ముతాం. ఎవరో బ్యానర్లకు అడిగారు, ఇంకెవరో జీపు బాడుగకు అడిగారు, ఇచ్చేశాడు. వారంలో సర్దుతామన్నారు. ఆ వారంలోనే ఫీజుకు ఆఖరి రోజు వచ్చేసింది. చెల్లి వాళ్ళమ్మ అప్పుడు గుంటూరు వైపు మిరపకాయల సుగ్గిలో ఉంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పంపింది. ఆ అడ్వాన్సు తీరేదాకా, తండా వాళ్ళందరూ తిరిగొచ్చినా ఆమె ఒక్కతే ఇరవై రోజులు అక్కడే ఉండిపోయింది. లెక్క అడిగితే "ఉండాది లేమ్మా, చెప్తాం" అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ అమ్మాయి సంగతి. మా హాస్టల్లో నెలకు తలా 20 రూపాయలు వేసుకొని ఒక చిల్లర ఫండు పెట్టుకున్నాం, మాత్రలకూ ప్యాడ్లకూ ఆసుపత్రి ఆటోకూ. రెండేళ్ళుగా అది తన దగ్గరే. లాంగ్ నోటుబుక్కులో రాసి, నెలాఖరున ఆ పేజీ నకలు నీళ్ళ ఫిల్టర్ పక్కన గోడకు అతికిస్తుంది. ఒకసారి 15 రూపాయలు తేడా వచ్చి రాత్రి పదకొండు దాకా తాను పడుకోలేదు, మమ్మల్నీ పడుకోనియ్యలేదు. తిట్టుకున్నాం కూడా. చివరికి తేలింది ఏందంటే, ఎవరికో వాంతులైతే తెచ్చిన నిమ్మకాయలు. మాలో ఒకరు ఊరికి పోవడానికి ఫండు నుంచి వంద అప్పడిగితే, "ఇది నా డబ్బు కాదక్కా" అని తన పర్సులోంచి యాభై తీసిచ్చింది. ఆ పర్సులో ఉన్నదే అరవై.

మరి ఈ పోస్టు ఎందుకంటే, ఒక మాట చెవిన పడింది. "ఎరుకలోళ్ళ చేతికి పెట్టె తాళమా?" అని ఎవరో నవ్వారంట. నవ్వింది బయటివాళ్ళు కాదు, మన పిల్లలే. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగని రాసుకున్నారు. ఎరుకల వాళ్ళను తెచ్చి సెటిల్‌మెంట్లలో పెట్టారు, స్టూవర్టుపురం అట్లా ఏర్పడిన ఊరే. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. మన లంబాడీలను కూడా కొన్ని చోట్ల అదే జాబితాలో రాశారు. ఆ నవ్విన తమ్ముడికి తాతలెవరైనా ఉంటే అడగాల.

యాడి కూడా ఫోన్ చేసి అరిచింది, "మనోడు నిలబడితే వేరేవాళ్ళకు చెయ్యెత్తుతారా, తండాలో తలెత్తుకోవద్దా" అని. జవాబు చెప్పలేక గమ్మునున్నాం. మిగతా ఐదిండ్లలోనూ ఇదే గోల. అసలు రాష్ట్రంలో ఎస్టీలకు ఏడు అసెంబ్లీ సీట్లు ఉంటే, ఒక్కటీ రాయలసీమలో లేదు. మనలో మనం ఒకరిని ఎంచుకునే చోటు ఇట్లాంటి సంఘమే. అక్కడా ఏ తండా వాడు అనే చూస్తే ఎట్లా?

ఇంకో సంగతి. మన వాటా నిధులు మనకే ఖర్చు పెట్టాలని 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. దాని లెక్క చెప్పమని కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చుంటాం. మన 6,400 లెక్క మాత్రం మనం అడగం.

ఆమె మైకు పట్టుకుంటే మాట తడబడుతుంది, నిజమే. మహాసభలో కోస్తా వాళ్ళ ముందు ఎట్లా నెగ్గుతుందో అని మాకూ బెరుకుంది. మాట్లాడటానికి అన్నను తోడు పంపుదామని మా ఆలోచన, అన్న ఒప్పుకుంటే.

ఆదివారం పొద్దున పది గంటలకు. కడప నుంచి వచ్చేవాళ్ళు ఎంతమందో శనివారం లోపల చెప్తే మధ్యాహ్నం అన్నం వండిస్తాం. రెండేళ్ళ నోటుబుక్కులు అక్కడ బల్ల మీద పెట్టమని తనకు చెప్పాం. నిమ్మకాయల పేజీ కూడా ఉంటుంది.