క్యూర్‌పిప్‌లో చిట్టి ఓడలు

మారిషస్ అనగానే చెరుకుతోటలూ, సముద్రతీరాలూ మనసులో మెదులుతాయి. ఆ ద్వీపానికి మరొక ముచ్చట కూడా ఉంది. నడిమి పీఠభూమి మీద, తరచు సన్నని జల్లు కురిసే క్యూర్‌పిప్ అనే ఊళ్ళో, చరిత్రకెక్కిన తెరచాప ఓడలకు నమూనాలు చేస్తారు. దేశం స్వతంత్రమైన 1968లోనే ఈ పనీ అక్కడ మొదలైందంటారు. యూరపులో ఇలాంటి ఓడల భాగాలను పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవారు నెలల తరబడి కూర్చుని అతికించుకోవాలి. ఇక్కడ మాత్రం కట్టడమంతా వారి చేతులే చేసిపెడతాయి.

నేను చూసిన కార్ఖానా పెద్దదేమీ కాదు. గుమ్మం దాటగానే టేకు పొట్టు వాసన. ముందు అడుగు దూలం నిలబెట్టి, దానికి అడ్డంగా ప్రక్కటెముకల్లాంటి చెక్కలు బిగిస్తారు. అప్పటికది ముల్లు మాత్రం మిగిలిన పండుగప్ప చేపలా ఉంటుంది. తర్వాత సన్నని చెక్కపేళ్ళను నీళ్ళలో నానబెట్టి, వంచి, వరసగా అతికిస్తారు. ఇది మగవాళ్ళ పని. తాళ్ళూ, తెరచాపలూ ఆడవాళ్ళవి. మనవాళ్ళు మల్లెలు మాల కట్టినంత సులువుగా వందలాది ముళ్ళు వేసుకుపోతారు. గుడ్డకు పాతదనం రావడానికి దాన్ని తేనీటిలో ముంచుతారు. “మేము తాగేది సగం, ఓడలు తాగేది సగం” అని నవ్వింది ఒక ముసలమ్మ, క్రియోల్ కలిసిన ఇంగ్లీషులో.

అలమారల్లో మహామహులే ఉన్నారు. కొలంబస్ 1492లో ఎక్కిన శాంతామరియా. 1577 నుంచి 1580 దాకా డ్రేక్‌ను భూమి చుట్టూ తిప్పిన గోల్డెన్ హైండ్. 1768లో బయలుదేరిన కెప్టెన్ కుక్ ఎండెవర్. ఎండెవర్ మొదట బొగ్గులు మోసిన ఓడ. నౌకాదళం కొన్నప్పుడు కొలతలు తీసి పటాలు గీసింది. అందుచేత 32 మీటర్ల ఓడ 64వ వంతుకు తగ్గి, అర మీటరై, లెక్క తప్పకుండా ఒళ్ళో ఇముడుతుంది. శాంతామరియాకు అసలు పటమే దక్కలేదు. ఆ కాలపు ఓడల తీరును బట్టి ఊహించి కట్టినదే!

నేను తెలుగువాణ్ణని తెలిసి ముసలమ్మ, “మేం కోరంగీలం” అంది. గోదావరి సముద్రంలో కలిసేచోటి కోరంగి రేవు పేరే అక్కడ మనవాళ్ళకు జాతిపేరైంది. 1843లో ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను చెరుకుతోటల పనికి తీసుకువెళ్ళింది. ఉగాది అక్కడ నేటికీ సెలవురోజే.

“ఆ ఓడ నమూనా ఉందా అండీ?” అని యజమానినడిగాను.

“మా దగ్గర దాని పటాలు లేవు.”

“శాంతామరియాకు ఉన్నాయా?”

ఆయన నవ్వి, “దాన్ని అడిగి కొనేవాళ్ళున్నారు” అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. కొత్త నేలలు వెతికినవారి ఓడలు మేజాబల్లల మీదికెక్కాయి. ఈ నేలలో రాళ్ళేరి చెరుకు నాటినవారి ఓడ ఒక ముసలమ్మ నోట రేవుపేరై మిగిలింది. మారిషస్ వెళ్ళే మన వారెవరైనా అక్కడ ఓడ కొనదలిస్తే, ముందు కోరంగి ఓడ ఉందా అని అడగండి. పదిమంది అడిగితే పదకొండోవారికైనా దొరకవచ్చు.