కొత్త రాజధానిలో చూడవలసినవి

భూమిపై సంచరించి, పూర్వజాతుల పర్యవసానం ఏమయిందో చూడమని దివ్య ఖుర్‌ఆన్ మానవులను పలుచోట్ల ఆదేశించింది. ఆ చూపు కంటితో ఆగిపోయేది కాదు, హృదయం దాకా చేరవలసినది. మన పూర్వ పండితులు ఒక్క హదీసు కోసం నెలల తరబడి ప్రయాణించేవారు. నేడు మన కుటుంబాలు కూడా సెలవుల్లో ప్రయాణాలు చేస్తున్నాయి. సంతోషించవలసిన విషయమే. అయితే వెళ్లినచోట ఏమి చూడాలి, పిల్లలకు ఏమి చూపించాలి అన్న ఆలోచన మాత్రం తక్కువగా కనిపిస్తోంది.

గత శీతకాలంలో నేనూ, నా సహధర్మచారిణీ తాడేపల్లిగూడెంలో రైలెక్కి విజయవాడలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లాము. ఒకరోజు మా అల్లుడు అందరినీ కారులో అమరావతికి తీసుకువెళ్లాడు. ప్రకాశం బ్యారేజి దాటి కొంతదూరం పోగానే ఉండవల్లి గుహలు వస్తాయి. ఒకే కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలిచిన ఆ పనితనాన్ని పిల్లలు ఆశ్చర్యంగా చూశారు. ఆ తరువాత వెలగపూడి వైపు సాగాము. విశాలమైన రహదారులు, వరుసగా నిలిచిన క్రేన్లు, సగం లేచిన భవనాలు. పదేళ్ల మనుమడు విసుగ్గా అడిగాడు: "నానా, ఇక్కడ చూడటానికి ఏముంది?"

న్యాయమైన ప్రశ్న. పాత నగరాలలో చూడవలసినవి కాలం సమకూర్చి పెడుతుంది. కొత్త నగరంలో వాటిని మనమే వెదుక్కోవాలి. వాడికి దారి పొడవునా చెప్పిన సంగతులనే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదట చూడవలసినది ఉద్దండరాయునిపాలెంలోని శంకుస్థాపన స్థలం. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి ఇక్కడ పునాదిరాయి వేశారు. పార్లమెంటు ప్రాంగణం మట్టిని, యమునా జలాన్ని వెంట తెచ్చారు. అంతకుముందు రాష్ట్రంలోని ఊరూరి నుండి మట్టినీ, నీటినీ సేకరించి ఇక్కడికి చేర్చారు. గోదావరి కాలువల నీటితో పండే మన పల్లెల మట్టి కూడా ఈ రాజధానిలో కలిసిందన్నమాట. ఈ నగరం మాది కాదు అనుకునే హక్కు ఇక మనలో ఎవరికీ లేదు. దాని మంచిలో భాగం ఉన్నట్లే, దాని బాధ్యతలోనూ మనకు భాగం ఉంది.

రెండవది, ఆగిపోయిన పునాదులు. 217 చదరపు కిలోమీటర్ల నగరానికి సింగపూర్ నిపుణులు ప్రణాళిక ఇచ్చారు. ప్రభుత్వ భవనాలకు లండన్‌కు చెందిన నార్మన్ ఫోస్టర్ సంస్థ నమూనాలు గీసింది. అంతటి ప్రణాళిక కూడా 2019 తరువాత నిలిచిపోయింది. సచివాలయ టవర్ల పునాదులు, శాశ్వత హైకోర్టు పునాదులు ఏళ్ల తరబడి నీటిలో మునిగి ఉన్నాయి. ఆ నీటిని తోడించారు, నిపుణుల చేత పునాదుల గట్టిదనాన్ని పరీక్షింపజేశారు. 2025 మే 2న పనులు తిరిగి ప్రారంభమయ్యాయి. అల్లాహ్ తలిస్తే అన్న మాట చేర్చకుండా, రేపు ఫలానా పని చేసి తీరుతానని పలకరాదని కహఫ్ సూరా మనకు నేర్పింది. మద్రసాలో ఆ ఆయతులు బోధించేటప్పుడు నేను పిల్లలకు సాధారణంగా చిన్న చిన్న ఉదాహరణలు చెబుతుంటాను. ఇకమీదట ఈ పునాదుల సంగతి చెబుతాను. ప్రణాళిక వేయడం మన విధి. ఫలితం మన చేతిలోనిది కాదు.

మూడవది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, ఈ నేలను ఇచ్చిన మనుషులు. 29 గ్రామాలకు చెందిన 28 వేలకు పైగా రైతులు భూసమీకరణ పథకం కింద సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు. అందులో కృష్ణ ఒడ్డున ఉన్న జరీబు భూములు ఏడాది పొడవునా పైరు ఎరిగినవి. బదులుగా లాటరీ పద్ధతిలో నివాస, వాణిజ్య స్థలాలు కేటాయించారు. రాజధాని మారుతుందన్న మాట 2019 డిసెంబరులో వచ్చినప్పుడు వారు నిరసన శిబిరాలు వేశారు. అవి 1,600 రోజులకు పైగా సాగాయి. ఎండలో, వానలో, కరోనా కాలంలో స్త్రీలే ముందు వరుసలో కూర్చున్నారు.

దారిలో ఒక ఊరి మస్జిదులో జుహర్ నమాజు చేశాము. నమాజు తరువాత ఒక వృద్ధుడు వచ్చి సలాం చేసి కూర్చున్నాడు. ఎకరంన్నర ఇచ్చాడట. "మౌల్వీ సాబ్, ఒకప్పుడు చింతచెట్టు చూపించి ఇది మా నాన్న పొలం అనేవాణ్ణి. ఇప్పుడు ప్లాటు నంబరు చెప్పాలి. ఆ కాగితం మర్చిపోతే నా భూమి ఎక్కడుందో నాకే తెలియదు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. లోపల మా ఆవిడతో మాట్లాడిన స్త్రీల కథ మరొకటి. వారికి ఇవ్వడానికి భూమి లేదు, పరుల చేలలో కూలి పని మాత్రమే ఉండేది. పొలాలు పోయాక నెలకు కొంత పింఛను వస్తోంది. పని మాత్రం పోయింది. పింఛను అన్నం పెడుతుంది గాని, నలుగురితో కలిసి చేనికి వెళ్లిన ఉదయాలను తిరిగి ఇవ్వదని వారి బాధ.

ఆ మాటలు వింటుంటే నాకు మదీనా గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (సఅసం) హిజ్రత్ చేసి వచ్చినప్పుడు ఆయన ఒంటె ఆగిన స్థలం ఇద్దరు అనాథ బాలురది. మస్జిదు కోసం వారు దానిని ఉచితంగా ఇస్తామన్నారు. ఆయన అంగీకరించలేదు, వెల ఇచ్చిన తరువాతనే తీసుకున్నారు. లోకానికి ఆదర్శమైన ఆ పట్టణంలో మొదటి కట్టడం, భూమి హక్కుదారుకు అతని హక్కు చెల్లించడంతో మొదలయింది. ఏ నగరాన్నయినా తూచవలసిన తూనిక ఇదే. భవనం ఎత్తు ఎంత అన్నది తరువాతి ప్రశ్న. దాని కింది నేల ఇచ్చినవాని హక్కు అందిందా అన్నది మొదటి ప్రశ్న.

నాలుగవది, నీటి దారి. కొల్లేటి ప్రాంతం వారమైన మనకు ఇది ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచింది. ఆ నీరు చివరకు చేరేది మన కొల్లేటికే. అమరావతి పొలాల మీదుగా కొండవీటి వాగు పారుతుంది. దాని వరదను కృష్ణలోకి తోడిపోయడానికి ఉండవల్లి వద్ద ఎత్తిపోతల పథకం నిర్మించారు. అది పిల్లలకు తప్పక చూపించవలసిన స్థలం. మనిషి గీసిన పటం కన్నా వాగు దారి పాతది. దానిని గౌరవించిన నగరమే క్షేమంగా ఉంటుంది.

చివరగా పాత అమరావతి పట్టణం. 125 అడుగుల ధ్యాన బుద్ధ విగ్రహాన్ని చూసి చాలామంది వెనుదిరుగుతారు. పక్కనే ఉన్న మహాస్తూపం శిథిలాల వద్ద కాసేపు నిలవండి. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఇక్కడ తన రాజధాని కట్టించుకుంటున్నప్పుడు, ఆ స్తూపపు రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోయాయి. మిగిలిన శిల్పాలలో అనేకం నేడు లండన్, చెన్నై మ్యూజియంలలో ఉన్నాయి. ఒక రాజధాని మరొక మహా కట్టడపు రాళ్లతో లేచింది, ఆ రాజధాని కూడా కాలంలో కలిసింది. దివ్య ఖుర్‌ఆన్ చూడమన్న పర్యవసానం ఇదే.

సోదర సోదరీమణులారా! అమరావతి వెళ్లినప్పుడు రోడ్లు చూడండి, భవనాలు చూడండి, ఫోటోలు తీసుకోండి, తప్పులేదు. అయితే ఒక పల్లెలో ఆగి, నేల ఇచ్చిన ఒక్క మనిషికైనా సలాం చెప్పి, పదినిమిషాలు అతని మాట వినండి. మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని వినండి. రేపు వారిలో ఎవరో ఒకరు ఇంజనీరో, అధికారో కావచ్చు. ఒకనాడు ఏదో ఒక పటం మీద గీత గీయవలసి వస్తే, ఆ గీత కింద ఎవరి చింతచెట్టు ఉందో వారికి గుర్తుండాలి. ఆ నగరం నేల ఇచ్చినవారికీ, కూలికి వెళ్లినవారికీ కూడా నీడనివ్వాలని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.